పాత నంబరు, కొత్త నంబరు

చూళైలో మా స్కాన్ సెంటరుకి
రాత్రి పదకొండు దాటాక వచ్చేవన్నీ
తొందరపడ్డ ఎముకలే.
ఇవాళ పన్నెండేళ్ల పిల్లాడు, కుడి మణికట్టు.
మెట్రోకి తవ్విన గుంటపక్క సైకిలు జారిందట.
"కదలకు నాన్నా" అంటే ఊపిరి కూడా బిగబట్టేశాడు,
చేతి ఫోటోకి ఊపిరితో పనేముంది!

తీశాను. పంపాను.
అవతల కీల్పాకంలో డాక్టరు దమయంతి గారు మేలుకునే ఉంటారు.
ఇక్కడ తెర పైమూల, గడియారం పక్కన
గోరంత అంకెలు:
కిందికి బాణం, సున్నా.
పైకి బాణం, సున్నా.
ఐదు రోజులుగా ఇదే పాట.

సున్నా అంటే పోలేదనే కదా.
మళ్లీ పంపాను.
సున్నా.
కేబులు పీకి, ఊది, మళ్లీ గుచ్చాను
(ఊదితే ఏమవుతుందో నాకూ తెలీదు,
టేపురికార్డర్ల కాలం నాటి అలవాటు).
రౌటరు మీది పచ్చదీపం మాత్రం
పందెం కట్టినట్టు రెప్పలు కొడుతూనే ఉంది.

ఫోను మోగింది.
"తాయారూ, పిల్లాడు ఒకడేనా, కవలలా?
రెండు కుడిచేతులొచ్చాయి నాకు.
మొన్న ఆ పెద్దాయనకి మోకాళ్లు నాలుగు."

అంటే పోతోంది.
పోతున్నదాన్ని లెక్కపెట్టేవాడే
ఎటో చూస్తున్నాడు.

లైసెన్సు డబ్బు మిగులుతుందని
మా యజమాని లోకనాథం గారు లినక్స్ పెట్టించినప్పుడు
మునిరత్నం చెప్పాడు:
"అక్కా, అనుమానమొస్తే పైన కనపడేదాన్ని అడక్కు.
లోపల చిట్టా ఒకటుంటుంది, దాన్నడుగు."
నోటుపుస్తకం అట్ట వెనక రాయించుకున్న మాటని
నల్లకిటికీలో ఒక్కో అక్షరం చూసి చూసి కొట్టాను.

రెండే వరసలు.
మొదటిది యంత్రం తనతో తను మాట్లాడుకునే దారి.
అందులోనూ బోలెడన్ని అంకెలు!
పోనీలే, దానికీ రాత్రి డ్యూటీయేగా.
రెండోది మా వైరు, ఇంటిపేరులో మూడు.
మళ్లీ కొట్టాను, లెక్క పెరిగింది.
మళ్లీ కొట్టాను, ఇంకాస్త.
ఎవరి మెడ దగ్గరో వేలుపెట్టి
నాడి చూసినట్టయింది.

అప్పుడు పైమూల అంకె మీద కుడిబటను నొక్కి
అది ఎవర్ని చూస్తోందో చూశాను.
ఇంటిపేరులో రెండు.

సోమవారం మునిరత్నం రిచ్చీ స్ట్రీట్ నుంచి
వేరే బోర్డు తెచ్చి బిగించి పోయాడు.
అదే వైరు, అదే గోడ అనుకున్నా నేను.
గుమ్మానికి నంబరు మారిందని
దీనికెవరూ చెప్పలేదు.

ఈ ఊళ్లో ఇదేం వింతా?
మా సెంటరు బోర్డు మీదే ఉంది
పాత నంబరు పద్నాలుగు, కొత్త నంబరు ముప్పై ఏడు అని.
ఇప్పటికీ కొరియరు కుర్రాళ్లు పద్నాలుగని వెతుక్కుంటూ
ఆ చివర బియ్యం మండీ మెట్లెక్కుతారు.
"అట్లాంటివాళ్లు లేరు" అని చీటీ రాసుకుని పోతారు.
చీటీలో అబద్ధమేం లేదు.
ఇదీ అంతే, పాపం,
మూసేసిన గుమ్మం ముందు కూచుని
ఐదు రోజులు నిజాయితీగా సున్నా చెప్పింది.

రెండు చెరిపి మూడు వేశాను.

అంతలో డాక్టరు గారి రిపోర్టు.
కిందికి బాణం ఉలిక్కిపడింది:
నాలుగు, పదకొండు, ఆరు.
"వచ్చేసింది!" అని పైకే అన్నాను.
పిల్లాడి నాన్న బల్లమీంచి లేచి
"చెయ్యా అమ్మా?" అన్నాడు.
"కాదండీ, అంకె" అనబోయి నాలిక్కరుచుకుని చదివాను:
వెంట్రుకంత చీలిక, కట్టు చాలు.

రెండున్నరకి వాళ్లు వెళ్లారు.
పైమూల మళ్లీ సున్నా.
కేబులు మీదికి పోబోయిన చెయ్యి
సగంలో ఆగింది.
ఇది వేరే సున్నా.
ఈ గంటలో ఇటుపక్క ఎవరి ఎముకా విరగలేదు.
విరిగినా,
ఇంకా మా మెట్లెక్కలేదు.